పడితే పట్టుకునే అన్నలు

సహోదర సమాజంలో చేరితే కలిగే లాభాలు దర్జీగారింట్లో గోడమీది బల్లికి కూడా కంఠతా వచ్చు. చేరమని పిలుపొచ్చిన నాటినుంచీ అన్నం పళ్ళెం ముందు కూర్చోగానే దర్జీ వాటిని మొదలుపెట్టేవాడు. సమాజంలో ఉన్నవాడికి కష్టం వస్తే అది ఒక్కడి కష్టం కాదు. సమాజంలో ఉన్నవాడు దారి తప్పితే చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళుంటారు. సమాజంలో ఉన్నవాడు పడితే, ఒళ్ళు నేలకి తగిలేలోపు పట్టుకునే చేతులుంటాయి. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వణికేది. అప్పటికి అన్నం చల్లారిపోయేది.

"అన్ని చేతులున్నాయి కదా, ఒక్క జత మనింటికి పంపించమనండి. కాజాలు కుట్టడానికి పనికొస్తాయి," అనేది భార్య.

"నీకు ఇవన్నీ అర్థం కావే."

"కావు. నాకు చల్లారిన అన్నం ఒక్కటే అర్థమవుతుంది. తినండి."

కూతురు తల వంచుకుని నవ్వు మింగేది. ఆ పిల్లని తండ్రి బొత్తాం అని పిలిచేవాడు. గుండ్రటి మొహం, పెట్టిన చోట కదలకుండా ఉండే గుణం. ఇంటికి కొత్తవాళ్ళొస్తే కుట్టుమిషను వెనక్కి జారుకునేది. బళ్ళో టీచరు ప్రశ్న వేస్తే జవాబు తెలిసి కూడా బల్ల వైపు చూస్తూ కూర్చునేది. అందరూ తనవైపు తిరిగి చూస్తారన్న ఊహకే చెవులు వేడెక్కేవి. మిషను ముందు కూర్చున్నప్పుడు మాత్రం వేరే మనిషి. ఆమె కాలి కింద పెడల్ ఆడితే, గుడ్డ మీద కుట్టు గీత గీసినట్టు నడిచేది.

"మీ నాన్నకి ఇంతమంది అన్నలు," అనేది తల్లి, దర్జీకి వినబడేటట్టు. "ఆ లెక్కన నీకు సందుకొక పెదనాన్న. ఏ పెదనాన్నయినా నీకో పెన్సిలు ముక్క కొనిచ్చాడటే?"

ఇనుప సామాన్ల కొట్టు మీది అంతస్తులో ఉండేది సమాజం గది. పొడుగాటి బల్ల, వెన్ను నిటారుగా పెట్టించే కుర్చీలు, గోడమీద రెండు చేతులు కలుపుకున్న గుర్తు. కింద మేకులు, గొళ్ళేలు, తాళాలు అమ్మే కొట్టు యజమానే పైన పెద్దన్న. గది ఆయనదే కావడానికీ ఆయన పెద్దన్న కావడానికీ ఏ సంబంధమూ లేదని సమాజంలో అందరూ గట్టిగా నమ్ముతారు. లోపల అందరూ సమానమే. ఎవరెంత సమానమో పొరపాటు పడకుండా భుజం మీంచి నడుము దాకా వేసుకునే పట్టీ మీద చారలుంటాయి. చారలు ఎక్కువున్నవాడు అన్న, తక్కువున్నవాడు తమ్ముడు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన కార్యదర్శి తలంతా తెల్లబడినా చారల్లో వెనకబడ్డాడు. అందుకని తన కొడుకు వయసున్న ఇనుప కొట్టాయన్ని "అన్నా" అని పిలిచి లేచి నిలబడేవాడు. తమ్ముడు ఏ పనికైనా అన్న కన్నా ముందు చెయ్యి చాచకూడదు. టీ కప్పయినా సరే. కింది చారలవాళ్ళు ఎన్నేళ్ళుగా చల్లటి టీ తాగుతున్నారో వాళ్ళకే తెలియదు.

ఆడవాళ్ళంటే సమాజానికి చాలా గౌరవం. అందుకే లోపలి చర్చలతో వాళ్ళని శ్రమపెట్టకుండా వరండాలో, చెప్పుల పక్కన, బెంచీ వేయించారు.

ఇక దర్జీ ఇందులోకి ఎలా చేరాడన్నది. ఆ ఏడు సమాజం పాత పచ్చ పట్టీలు మార్చి మెరూన్ రంగు పట్టువి కుట్టించాలనుకుంది. పట్టీ సోదరుడి చేతుల మీదుగానే తయారవ్వాలని నియమం. సోదరుల్లో సూది పట్టడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. సరిగ్గా ఆ రోజుల్లోనే దర్జీలో ఉన్న గొప్ప గుణాలు సమాజం కంటపడ్డాయి. అన్నాళ్ళూ ఆయన పక్క వీధిలోనే, అవే గుణాలతో, కిటికీ తీసి కుట్టుకుంటూనే ఉన్నాడు.

చేరేముందు నమ్మకం పరీక్ష అని ఒకటుంటుంది. కొత్త తమ్ముడు కళ్ళకి గంతలు కట్టుకుని ఎత్తు పీట మీద నిలబడి వెనక్కి వాలిపోవాలి. వెనక ముగ్గురు అన్నలు నిలబడి పట్టుకుంటారు. ముందున్నవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ రోజు వెనక నిలబడ్డవాళ్ళు పెద్దన్న, పళ్ళ డాక్టరు, కార్యదర్శి. దర్జీ ఊపిరి బిగబట్టి, జీవితమంతా ఎదురుచూసిన చేతుల్లోకి వాలాడు.

"కానివ్వు తమ్ముడూ," అన్నాడు పెద్దన్న, కింది వాళ్ళకి అవకాశమిద్దామని.

"అయ్యయ్యో, మీరుండగా నేనా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ముందు మీరిద్దరూ అయ్యాకే అన్నా," అన్నాడు కార్యదర్శి.

మర్యాదలు ఇంకా పూర్తి కాలేదు, దర్జీ నేలమీద ఉన్నాడు. వెనక ఏం జరిగిందో కనబడక ముందువరస వాళ్ళు ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టారు. వరండాలో బెంచీ మీద కూర్చున్న తల్లీ కూతుళ్ళకి ముందు దబ్బుమన్న చప్పుడు, తర్వాత చప్పట్లు వినబడ్డాయి.

"మీ నాన్న చేరినట్టున్నాడే," అంది తల్లి.

కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా పిండికట్టు వేశారు.

అంతవరకే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ముందుగదిలో బల్ల మీద, బల్ల కింద, మంచం మీద నీలం గుడ్డ పేర్చి ఉంది. బడి పిల్లల చొక్కాలు. దర్జీ అన్నీ కత్తిరించి, సైజులవారీగా మూటలు కట్టాడు. కుట్టడమే తరువాయి. బడి తెరిచే రోజు పొద్దున గంట కొట్టేలోపు చొక్కాలు స్టోరుగదిలో ఉండాలి. లేకపోతే ఇక మీదట పని మెయిన్ రోడ్డు షోరూముకి వెళ్ళిపోతుందని బడి మేనేజరు ముందే చెప్పాడు. ఏడాదంతా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చొక్కాల మీదే. మిగతా రోజుల్లో వచ్చేవన్నీ చిరుగులూ, ఊడిన జిప్పులూ.

సెలవులు కాబట్టి బొత్తాం పొద్దున్నుంచీ మిషను మీదే ఉంది. తల్లి కాజాలు కుడుతూ వేళ్ళ చివర్లు పొడుచుకుంది. అయినా మూటల ఎత్తు తగ్గినట్టే కనబడలేదు.

"ఎందుకు కంగారు? అన్నలున్నారు," అన్నాడు దర్జీ. కబురు పంపించాడు.

అన్నలు ఆలస్యం చెయ్యలేదు. వెంటనే సమావేశమై సానుభూతి తీర్మానం చేశారు. కార్యదర్శి స్వయంగా ఇంటికొచ్చి చదివి వినిపించాడు. ఎంత బాగుందంటే, దర్జీ ఎడం చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి సాయం సంగతి?" అని తలుపు చాటు నుంచి తల్లి అడిగింది.

"సాయం విషయంలో ఉపసంఘం వెయ్యాలా వద్దా అన్నది చర్చకి రావాలమ్మా."

"ఎప్పుడొస్తుంది?"

"వార్షికోత్సవం కాగానే."

వార్షికోత్సవం ఆదివారం. బడి తెరిచేది సోమవారం.

తర్వాత పరామర్శ బృందం వచ్చింది. పెద్దన్న, పళ్ళ డాక్టరు, కార్యదర్శి, ఇంకా కొందరు పచ్చ పట్టీలు వేసుకుని, నీలం మూటల మధ్య కాళ్ళు పెట్టుకునే చోటు వెతుక్కుంటూ వరసగా నిలబడ్డారు. బొత్తాం ఎప్పట్లాగే మిషను వెనక్కి చేరింది.

"తమ్ముడూ, ధైర్యంగా ఉండు," అన్నాడు పెద్దన్న. "సమాజమంతా నీ వెనకే ఉంది."

టీ కప్పులందిస్తున్న తల్లి ఆగింది. "ఉంటారు లెండి బావగారూ. ఆ రోజు కూడా వెనకే ఉన్నారు కదా."

పళ్ళ డాక్టరుకి టీ పొలమారింది. భర్తకి అన్నలు కాబట్టి వాళ్ళందర్నీ బావగారూ అని పిలవడం ఆమెకి అలవాటు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, కారం ఎంతో ఎవరూ తేల్చుకోలేకపోయేవాళ్ళు.

పెద్దన్న గొంతు సవరించుకున్నాడు. "సరే... ఆ పట్టీలు ఎందాకా వచ్చాయి తమ్ముడూ?"

దర్జీ పిండికట్టు చూపించాడు. అటక కింద కాగితంలో చుట్టిన మెరూన్ పట్టు అలాగే ఉంది. "నా చెయ్యి ఇలా ఉంది కదన్నా. అయినా పర్వాలేదు, మా బొత్తాం ఉంది. పట్టు మీద నాకన్నా దాని చెయ్యే శుభ్రం. ముందు ఈ చొక్కాల గండం గట్టెక్కితే..."

 కార్యదర్శి కప్పు కింద పెట్టాడు. "నియమం తెలుసుగా తమ్ముడూ. సోదరుడి చెయ్యే పడాలి. ఆడపిల్లలంటే మాకెంత గౌరవమో నీకు చెప్పక్కర్లేదు. కానీ గౌరవం వేరు, నియమం వేరు."

"పాత పట్టీలతోనే వార్షికోత్సవం కానిచ్చేస్తే?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఎలా కానిస్తావయ్యా! చుట్టుపక్కల సమాజాలన్నిటికీ మెరూన్ అని చెప్పేశాను," అన్నాడు పెద్దన్న.

బొత్తాం మిషను సందులోంచి తండ్రినే చూస్తోంది.  సమాజం లాభాలు ఒక్కటి కూడా ఆయన నోట రాలేదు. పిండికట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో ఒక నీలం చొక్కా ముక్క అంచుని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు. అన్నం ముందు అన్ని మాటలు చెప్పే మనిషి అలా నోరు కట్టేసుకుని కూర్చుంటే ఆ పిల్లకి విరిగిన చెయ్యి కన్నా అదే ఎక్కువ భయమేసింది. చెవులు వేడెక్కాయి. 

"అయితే మీరే కుట్టుకోవాలేమోనండీ."

మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియక అందరూ అటూ ఇటూ చూశారు. పళ్ళ డాక్టరు మిషను వైపే అనుమానంగా చూశాడు.

"ఎవరమ్మా అది?"

"మా అమ్మాయే," అంది తల్లి. కూతురి గొంతు పరాయివాళ్ళ ముందు వినడం ఆమెకీ అదే మొదలు.

"మేమా!" పెద్దన్న నవ్వాడు. "మేం కుట్టడమేమిటి?"

"నియమం అదేనన్నారు కదండీ," అంది బొత్తాం, మిషను చక్రంతో మాట్లాడుతున్నట్టు.

నియమం అన్న మాట పడ్డాక వెనక్కి తగ్గడం ఆ సమాజం ఎరగదు. కార్యదర్శి కాసేపు పైకప్పు చూసి, "ఆ మాటా నిజమే అన్నా. సోదరుడి చెయ్యి అన్నారు గానీ, ఫలానా సోదరుడని అనలేదు," అన్నాడు.

"పోనీ, నువ్వు నేర్పిస్తావా అమ్మాయ్?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"నేర్పిస్తానండీ. కానీ పట్టు మీద సూది ఒక్కసారి దిగితే, విప్పినా చిల్లు పోదు. ముందు మామూలు గుడ్డ మీద చెయ్యి తిరగాలి."

"అంత మామూలు గుడ్డ ఎక్కడిది?"

బొత్తాం నీలం మూటల వైపు చూసింది. అందరూ అటు చూశారు. దర్జీ ఏదో అనబోయి నోరు తెరిచాడు. భార్య కాలు ఆయన కాలి మీద గట్టిగా పడింది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఇంట్లో ఉన్న ఒక్క మిషనూ చాలదు కాబట్టి ఎవరింట్లో మిషను వాళ్ళు తెచ్చుకోవాలన్నారు. మర్నాడు సోదరులు మిషన్లు మోసుకొచ్చారు. వాటి వెనకే వాళ్ళ భార్యలు వచ్చారు. వాళ్ళని ఎవరూ పిలవలేదు. కానీ మొగుణ్ణి నమ్మి మిషను వదిలే ఆడది ఆ చుట్టుపక్కల లేదు.

"ఆ హ్యాండిలు అలా గుంజకండి, అది తాళం కాదు," అంటూ పెద్దన్న భార్య ఆయన పక్కనే ముక్కాలిపీట వేసుకుంది. ఆమె గొంతు సంతలో కూడా వినబడుతుంది. బొత్తాంది పక్కన కూర్చున్నా వినబడదు. కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది. బొత్తాం ఆమె చెవిలో చెప్పేది, ఆమె గదంతటికీ చాటేది.

"పక్క కుట్టు మీద చేతి బరువు వెయ్యొద్దట! గుడ్డ దానంతటది వెళ్తుందట! వింటున్నారా లేదా?"

"వింటున్నామే!"

"వింటే ఆ వంకర దేనికి? విప్పమంటోంది, విప్పండి!"

దర్జీ భార్య టీ కెటిల్ పట్టుకుని తిరుగుతూ, "మా బావగార్ల చేతిపని ఎలా ఉంది అక్కయ్యా?" అంది.

"అక్కయ్యేమిటి, నీ మొగుడూ నా మొగుడూ అన్నదమ్ములైతే మనం తోటికోడళ్ళం. నువ్వు నాతో పోట్లాడాలి," అంది పెద్దన్న భార్య. "ముందు ఆ టీ ఇలా పొయ్యి, తర్వాత పోట్లాడుకుందాం."

ఆ రోజు టీ చారల ప్రకారం కాక, కుర్చీల ప్రకారం అందింది. కార్యదర్శికి మొట్టమొదటిసారి నాలుక కాలింది.

బొత్తాం ఎవరికి ఏ పని సరిపోతుందో చూసి పంచింది. గుడ్డ మీద సుద్దతో గీతలు గీసి, గీత మీంచి పోవడమే వాళ్ళ పని అంది. పక్క కుట్లు, అంచు మడతలు చెయ్యి త్వరగా తిరిగినవాళ్ళకి వదిలేసింది. బొత్తాలు కార్యదర్శికిచ్చింది. ఆయన ఒక్కో బొత్తాం కుట్టాక దాన్ని లాగి చూసి, సాక్షిని విచారించినట్టు కళ్ళద్దాల పైనుంచి చూసి, అప్పుడు వదిలేవాడు. ఇరుకు సందుల్లో పనిచేసి అలవాటున్న చెయ్యి కాబట్టి పళ్ళ డాక్టరుకి కాలర్లు ఇచ్చింది. మొదటి పూట గడిచేసరికి ఆయన నిజంగానే బాగా కుడుతున్నాడు. ఎటొచ్చీ కుట్టేటప్పుడు మధ్యమధ్యలో, "కొంచెం నోరు తెరవండి," అని అలవాటు కొద్దీ చొక్కాతో అనేవాడు.

పెద్దన్న అన్న కాబట్టి అందరికీ కనబడే చోట ఉండే జేబు ఆయనకిచ్చింది. జేబంటే మూడు పక్కల తిన్నటి కుట్టు. ఆయన కుట్టిన జేబు ఒక పక్కకి వాలి, ఎవరో పిలిస్తే తిరిగి చూస్తున్నట్టుండేది. బొత్తాం విప్పి ఇచ్చేది. ఆయన మళ్ళీ కుట్టేవాడు. అది ఈసారి రెండో పక్కకి తిరిగి చూసేది.

ఒకసారి దారం తెగింది. పెద్దన్న దారం కొస తడిపి, నలిపి, సూది బెజ్జం దగ్గర పెట్టాడు. తప్పింది. మళ్ళీ పెట్టాడు. "ఎక్కడి దారమయ్యా ఇది, పీచు లేస్తోంది," అన్నాడు. కళ్ళు చికిలించాడు. వెలుతురు సరిగ్గా లేదన్నాడు. వెలుతురు కిటికీలోంచి నేరుగా సూది మీదే పడుతోంది. పక్కన కూర్చున్న కార్యదర్శి బొత్తాలు కుట్టడం ఆపి చూశాడు. పైచార అన్న చెయ్యి చాచి ఉండగా కిందిచార తమ్ముడు చెయ్యి చాచకూడదు. ఆయన చాచాడు. దారం అందుకుని, బెజ్జంలోకి ఎక్కించి, మళ్ళీ తన బొత్తాల మీదికి వంగాడు.  కాసేపటికి పెద్దన్న మెల్లిగా, "మసకగా ఉంటోందయ్యా ఈమధ్య. ఇంట్లో చెప్పలేదు," అన్నాడు.

"నాకు కంటి ఆపరేషనైంది కదా. నన్ను కోసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాను," అన్నాడు కార్యదర్శి.

ఇన్నేళ్ళుగా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని సహోదరత్వం గురించి మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకోవాల్సిన సంగతి ఇప్పుడు మాట్లాడుకున్నారు. తర్వాత దారం తెగినప్పుడల్లా, ఎవరూ అడక్కుండానే, కార్యదర్శి చెయ్యి అక్కడుండేది. బొత్తాం అది చూసింది. వెలుతురు సంగతి తనకేమీ తెలియనట్టు కిటికీ తలుపు ఇంకాస్త తెరిచింది.

పళ్ళ డాక్టరు ఒక కాలరు పూర్తిచేసి పైకెత్తి పట్టుకున్నాడు. "అమ్మాయ్, నాకో అనుమానం. మా పట్టీలకి కాలర్లుంటాయా?"

బొత్తాం మొహం పట్టు గుడ్డ రంగుకి తిరిగింది. 

"జేబులూ ఉండవు," అన్నాడాయన ఇంకా మెల్లిగా. "బొత్తాలూ ఉండవు. అయినా ఈ అభ్యాసం గుడ్డకి అన్నీ ఉన్నాయే!" ఒకసారి పెద్దన్న వైపు, ఒకసారి కార్యదర్శి వైపు చూశాడు. ఇద్దరూ మరీ ఎక్కువ శ్రద్ధగా తలలు వంచుకుని ఉన్నారు. పళ్ళ డాక్టరుకి విషయం అర్థమైంది. తీర్మానం లేకుండా సాయం చేస్తే నియమం తప్పినట్టు. అభ్యాసానికి తీర్మానం అక్కర్లేదు. "ఆహా, అభ్యాసమంటే అన్ని రకాలూ ఉండాల్లే," అని పైకి అనేసి, ఇంకో కాలరు అందుకున్నాడు.

శనివారం పొద్దుపోయేలోపు పెద్దన్న చెయ్యి మూటల కోసం తడుముకుంది. బల్ల ఖాళీగా తగిలింది.

"అదేమిటి, అభ్యాసం గుడ్డ అయిపోయిందా?" అన్నాడు, ఆట మధ్యలో ఇంటికి పిలిచిన పిల్లాడిలా.

దర్జీ గోడ పక్కన నిలబడి, మడతపెట్టిన నీలం చొక్కాల దొంతర్లని ఎడం చేత్తో ఒక్కొక్కటే తట్టుకుంటూ వెళ్ళాడు.

ఆదివారం పొద్దున పట్టీలు కుట్టారు. నిలువు కుట్లు బాగానే వచ్చాయి. చేతులు కలుపుకున్న గుర్తు దగ్గరే కొంచెం తేడా వచ్చింది. రెండు ఎండ్రకాయలు కొట్టుకుంటున్నట్టుంది.

"దూరం నుంచి చూస్తే చేతుల్లాగే ఉంది," అన్నాడు కార్యదర్శి.

"ఎంత దూరం వెళ్ళమంటారు?" అంది ఆయన భార్య.

సాయంత్రం వార్షికోత్సవం ఘనంగా జరిగింది. పెద్దన్న ఉపన్యాసంలో, ఆపదలో ఉన్న సోదరుణ్ణి ఆదుకోవడంలో మన సమాజం ఏనాడూ వెనకాడలేదన్నాడు. దర్జీ సోదరుడికి సాయం చెయ్యాలా వద్దా అని పరిశీలించడానికి ఉపసంఘాన్ని ప్రకటించాడు. అందులో తను, పళ్ళ డాక్టరు, కార్యదర్శి. వేళ్ళకి పొడుచుకున్న సూది పోట్ల మీద అంటించిన ప్లాస్టర్లతోనే ముగ్గురూ లేచి నమస్కారం చేశారు. వరండాలో చెప్పుల పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

కార్యక్రమంలో ఒక్కటే మిగిలింది. కిందటిసారి దర్జీ నేలమీద పడ్డాడు కాబట్టి నమ్మకం పరీక్ష పూర్తయినట్టు లెక్కలోకి రాదట. మళ్ళీ పడాలి. దర్జీ కళ్ళకి గంతలు కట్టుకుని, పిండికట్టు చెయ్యి గుండెకి ఆనించుకుని పీటెక్కాడు. కాలి బొటనవేలితో పీట అంచు తడుముకోవడం కిటికీలోంచి బొత్తాంకి కనబడింది.

తల్లి బెంచీ మీంచి లేచింది. ఇంటినుంచి చుట్టి తెచ్చిన పరుపు చంకలో పెట్టుకుని, గుమ్మం దాటి, నేరుగా లోపలికి నడిచి, పీట వెనక పరిచింది. సమాజం పుట్టాక ఆ గదిలోకి ఆడమనిషి అడుగుపెట్టడం అదే మొదలు.

"అమ్మా, నియమం..." అన్నాడు కార్యదర్శి.

"నియమం మీకు తెలుసు బావగారూ. పరుపుకి తెలియదు," అని ఆమె వెళ్ళి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది.

దర్జీ వెనక్కి వాలాడు. ఈసారి ఎవరూ ఎవర్నీ ముందు కానివ్వమనలేదు. ముగ్గురూ ఒక్కసారే ముందుకి దూకారు. పెద్దన్న తలా పళ్ళ డాక్టరు తలా ఠంగుమని కొట్టుకున్నాయి. కార్యదర్శి కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. దర్జీని పట్టుకున్నారు, పట్టుకుని ఆయనతో సహా ముగ్గురూ పరుపు మీద పడ్డారు. అన్నల కుప్ప మీద దర్జీ వెల్లకిలా, పిండికట్టు చెయ్యి జెండాలా పైకెత్తుకుని, గంతలు తీయకుండానే, "పట్టుకున్నారా?" అని అడిగాడు.

"పట్టుకున్నాం తమ్ముడూ. నువ్వు లేస్తే మేమూ లేస్తాం," అని కిందనుంచి పెద్దన్న గొంతు వినబడింది.

ముందువరస వాళ్ళు చప్పట్లు కొట్టారు.

సోమవారం పొద్దున గంట ఇంకా కొట్టలేదు. స్టోరుగది ముందు దర్జీ, బొత్తాం నిలబడ్డారు. మేనేజరు కళ్ళద్దాలు తుడుచుకుని దొంతరలోంచి ఒక చొక్కా లాగి, కాలరు తిప్పి చూసి, బొత్తాలు లాగి చూసి పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. పెట్టాడు. మూడోది తీసి, చేతుల దూరంలో పట్టుకుని, తల ఒక పక్కకి వంచాడు.

"ఈ జేబేమిటయ్యా ఇటు తిరిగింది?"

దర్జీ ఒకడుగు ముందుకి వేశాడు. "అది... చెయ్యి బాగాలేక..."

"నీ చెయ్యి పిండికట్టులో ఉంది కదా. ఎవరు కుట్టారిది?"

బడి పిల్లలు కొందరు అప్పటికే చుట్టూ మూగారు. అందరూ చూస్తున్నారు. బొత్తాం చెవులు వేడెక్కాయి. ఈసారి దాక్కోవడానికి మిషను లేదు.

"మా పెదనాన్న కుట్టారండీ."

మేనేజరు చొక్కా దించి దర్జీని చూశాడు. "నీకు అన్నలున్నారా? ఎప్పుడూ చెప్పలేదే!"

"ఉన్నారండీ," అంది బొత్తాం, తండ్రి నోరు తెరిచేలోపు. "చాలామంది."

"ఆయనా దర్జీయేనా?"

"కాదండీ. ఇనుప సామాన్ల కొట్టు. ఇప్పుడే నేర్చుకుంటున్నారు."

మేనేజరు జేబుని ఇంకోసారి చూశాడు. వేలు పెట్టి కుట్టు గట్టిగా గుంజాడు. ఊడలేదు. పెదవి చివర నవ్వు ఆపుకుంటూ చొక్కాని మిగతా వాటి మీద పెట్టాడు.

"వచ్చే ఏటికైనా తిన్నగా కుడతాడా మీ పెదనాన్న?"

"నేర్పిస్తానండీ," అంది బొత్తాం. ఇంతలో గంట కొట్టారు.